బ్రేకు రోజున పాఠం చెప్పిన మునిరత్నం మాస్టారు

మా గురువుగారు వి. మునిరత్నం గారు గత సోమవారం ఉదయం తరగతి గదిలో పాఠం చెబుతూ కుప్పకూలి కన్నుమూశారు. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. అయినా మా కళాశాల కార్యాలయం దీన్ని ఒప్పుకోదు. వారి రికార్డుల ప్రకారం ఆ రోజు ఆయన ఉపన్యాసకులు కారు.

పదకొండేళ్లుగా ఆయన పుదుచ్చేరిలోని మా కళాశాలలో తాత్కాలిక తెలుగు ఉపన్యాసకులు. సేవ అవిచ్ఛిన్నంగా సాగితే ఉద్యోగం స్థిరం చేయమని అడిగే హక్కు వస్తుంది. అందుకని మూడు నెలలు నిండకముందే తాత్కాలికులను ఒక్కరోజు తొలగించి, మర్నాడు కొత్త ఆర్డరు ఇస్తారు. ఆ రోజును అందరూ బ్రేకు అంటారు. బ్రేకు రోజున హాజరు పట్టీలో సంతకం పెట్టకూడదు, స్టాఫ్ రూములో కూర్చోకూడదు. ఆఫీసు సుద్దముక్క కూడా ఇవ్వదు. మాస్టారు మాత్రం సొంత సుద్దముక్క జేబులో వేసుకుని వచ్చి పాఠం చెప్పి వెళ్లేవారు. యానాం నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థిగా నేను కారణం అడిగాను.

"బ్రేకు నాకు గదరా. మీకు యాడుంది? మీరొచ్చి కూసోనుంటారే" అన్నారు.

ఆయన పుదుచ్చేరిలోనే, ఒర్లియంపేటలో పుట్టారు. మిల్లు కూలి చేసుకునే ఆ ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం ఎవరికీ రాదు. ఇరవయ్యో ఏట ఓనమాలు దిద్దుకున్న ఆ మనిషి దీర్ఘసమాసాలను అరటిపండు ఒలిచినట్టు విడదీసి చూపిస్తుంటే, గోదావరి ఒడ్డున పుట్టిన మేము తలలు వంచుకునేవాళ్లం. మొదటి వారంలో ఆయన 'యాడ'లు, 'ఏంది'లు విని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.

ఆయనకు జీవితంలో ఉన్నది ఒకటే ఆశ. చివరి తేదీ లేని ఆర్డరు ఒక్కటి చూడాలి. దానికోసమే ఏనాడూ ఒక్క రోజు నాగా పెట్టలేదు. తాత్కాలికులకు సెలవు లేదు, రాకపోతే మళ్లీ పిలవరు. చివరి రెండు నెలలు మెట్లెక్కుతూ సగంలో గుండె పట్టుకుని ఆగిపోయేవారు. ఆయన భార్య సరోజమ్మ ఆసుపత్రికి వెళ్దామని ఎంత మొత్తుకున్నా, రాబోయే బ్రేకు రోజున వెళ్దామని దాటవేశారు. వైద్యానికి ఆయన దగ్గరున్నది ఆ ఒక్క రోజే.

సోమవారం ఆ రోజు వచ్చింది. మరో వారంలో విద్యార్థులకు పరీక్షలు. ఎం.ఏ. ముగించి పని కోసం తిరుగుతున్న నేను, పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి, మీరు ఆసుపత్రికి వెళ్లండి, పాఠం నేను చెబుతాను అన్నాను. మాస్టారు నవ్వారు.

"నువ్వు బాగా చెప్తావురా. అది వాళ్లకి తెలిసిందనుకో, మళ్లా నన్నెందుకు పిలస్తారు?"

తమాషాకి అన్నారనుకున్నాను. ఆయన కళ్లు మాత్రం నవ్వలేదు. అది గమనించి కూడా ఆయన్ని పాఠానికి వెళ్లనిచ్చాను.

మంగళవారం అంత్యక్రియలయ్యాయి. కళాశాల పేరిట సంతాప ప్రకటన పెట్టమని విద్యార్థులు అడిగారు. కార్యాలయం సూపరింటెండెంటు గారు చెడ్డవారు కాదు, కళ్లు తుడుచుకుంటూనే చెప్పారు. మరణించిన తేదీన ఆయన మా ఉద్యోగి కారు గనుక, ప్రకటనకు గాని సెలవుకు గాని నిబంధన ఒప్పుకోదట. ఆ సాయంత్రం సరోజమ్మ గారు ట్రంకు పెట్టె తెరిచి పదకొండేళ్ల ఆర్డర్లన్నీ నా ముందు పెట్టారు. ఆమెకు చదవడం రాదు.

"ఇన్ని కాయితాలుండాయే నాయనా, వీట్లో ఆయన ఉద్యోగం కాయితం యాది?" అని అడిగారు.



ఇలాంటి వ్యాసాల చివర తీరని లోటు అని రాయడం ఆనవాయితీ. మా గురువుగారి లోటును కళాశాల మూడు రోజుల్లో తీర్చేసుకుంది. గురువారం మధ్యాహ్నం నటేశన్ నగర్‌లో నేనుంటున్న గదికి కళాశాల ప్యూను ఆర్డరు తెచ్చాడు. మాస్టారి కోసం ముందే టైపు చేసి ఉంచిన కాగితమే అది. ఆయన పేరు కొట్టేసి, పైన నా పేరు టైపు చేశారు. తరగతులు ఆయనవే, చివరి తేదీ కూడా ఆయనకు వేసిందే.

పూజ్యులైన మా గురువుగారి పాదాలకు నమస్కరించి, ఈ ఒక్క మాట ఆయనకే చెప్పుకుంటున్నాను. నేను సంతకం పెట్టాను, మాస్టారూ.