అత్తమ్మ పేరు నేనే ఆపాను

ఈ రోజు మా అత్తమ్మను చేనేత పింఛను కోసం ఆఫీసుకు తీసుకెళ్లాను. మాది పోచంపల్లి. మామయ్య మగ్గం నేస్తాడు. ఆయన నేసే ప్రతి చీరకూ నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి ఆసు పోసేది అత్తమ్మే. పెళ్లయిన నాటి నుంచీ అదే పని. ఇప్పుడామె కుడి భుజం పైకి లేవడం లేదు.

ఆఫీసులో సారు కంప్యూటర్ చూసి, "మగ్గాల సర్వేల నీ పేరే లేదు అవ్వా. సర్కారు లెక్కల నువ్వు చేనేత కార్మికురాలివే కావు. పింఛనెట్ల ఇస్తరు?" అన్నాడు.

సర్వే అమ్మాయి వచ్చినప్పుడు, "ఆడోళ్ల ఆధార్లు, ఫోన్ నంబర్లు నీకెందుకు? మామయ్యవి రాసుకొని పో" అని గడప దగ్గరే ఆపింది నేనే. ప్రైవసీ గురించి క్లాసు కూడా పీకాను. అదే వారం బట్టల షాపు లక్కీ డ్రాకు ఇంటిల్లిపాది నంబర్లూ రాసిచ్చాను, అది వేరే సంగతి.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "గా పొద్దు నేనే వద్దన్న సారూ. నా కోడలు రాయించుమనే చెప్పింది."

మళ్లీ సర్వే జరిగితే రాస్తారట. ఎప్పుడో సారుకూ తెలియదట.

తిరుగు బస్సులో అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి రాగానే వెళ్లి, లేవని ఆ భుజంతోనే ఆసు ముందు కూర్చుంది.

కోడలికి ఇంతకన్నా పెద్ద శిక్ష వేసిన అత్తలు మీ ఇళ్లల్లో ఉంటే చెప్పండి.