విప్పే రోజు లేని కంకణం

జహీరాబాద్‌లో శరణమ్మ గురించి ఒక మాట తిరుగుతోంది. సోమవారం పూజకు వచ్చే పిల్ల ఒకతి పరీక్షలో తప్పితే, శరణమ్మ కత్తెర పట్టుకుని అల్లం షెడ్డు దాకా వెళ్ళిందట. కూలికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ ఆ పిల్ల చేతి కంకణం కోసి పారేసిందట. "దేవుని ముందర మాటిచ్చి తప్పినవ్, నీకెందుకే కంకణం" అని అడిగిందట. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చిందట. ఆ దెబ్బకు రోషం వచ్చి, ఆ వారమే వెళ్ళి కాలేజీలో చేరిందట.

ఈ మాటను కొందరు చీదరించుకుంటూ చెబుతారు. ఎక్కువమంది మెచ్చుకుంటూ చెబుతారు. మెచ్చుకునేవాళ్ళతోనే శరణమ్మకు చిక్కు, ఎందుకంటే వాళ్ళు వెతుక్కుంటూ ఇంటికి వస్తారు. మొన్నటికి మొన్న సిమెంటు దుకాణం మదన్‌మోహన్ తన కొడుకు రితేష్‌ను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

"అక్కా, వీనికి దేవుడంటె మస్తు భక్తి. శనివారం ఉపాసం గూడ ఉంటడు. సదువు కాడికొస్తెనే నిద్ర. ఆ పోరికి చేసినట్టు వీనికి గూడ జర సిగ్గు షరమొచ్చేటట్టు చెయ్యి."

"నాయినా, ముందుగాల ఆ కత్తెర లోపట పెట్టమను" అన్నాడు రితేష్.

శరణమ్మ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. కుడుతున్న జాకెట్టు చెయ్యి వంకర పోయింది.

"నేను ఎవ్వరికీ షరం పెట్టనన్నా. సోమారం తోలియ్యి, పిల్లలతోని కూసుంటడు."

"పైకి గట్లనే అంటవ్ గాని నాకెరుకలే" అని నవ్వి, కొడుకు వీపు మీద ఒకటి చరిచి మదన్‌మోహన్ వెళ్ళిపోయాడు.

చేయని తప్పుకు తిట్లు పడితే ఓర్చుకోవచ్చు. చేయని తప్పుకు పొగడ్త వస్తే ఏం చేయాలో శరణమ్మకు తెలియదు. పైగా ఆమె చేసిన తప్పు వేరే ఉంది, దాని ఊసు ఊళ్ళో ఎవరూ ఎత్తరు.

శరణమ్మ పుట్టిల్లు బీదర్ వైపు పల్లె. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్ళయి జహీరాబాద్ వచ్చాక, భర్త శివరాజ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతుంటే, ఆమె ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇంట్లో వాళ్ళిద్దరే. లింగధారణ ఉన్న ఇల్లు కనుక పొద్దునా సాయంత్రం మెడలో వేలాడే ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో నిలుపుకుని పూజ చేయనిదే నోట్లో నీళ్ళు పోసుకోరు. ఆ పూజ చూసి వీధిలో పిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పదీ, ఇంటరూ చదివే వయసువాళ్ళు. సోమవారం సాయంత్రం మిషను ఓ మూలకు జరిపితే గది నిండిపోయేది.

ఆ పిల్లలకు భక్తికి కొదవ లేదు. కొదవల్లా నిలకడకే. విభూతి పెట్టుకుని కళ్ళు మూసుకున్నంతసేపూ ఎంత పట్టుదల! "అక్కా, రేపటి సంది తెల్లారగట్ల లేస్త" అనేవాళ్ళు. చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగితే ఆ పట్టుదల గడప లోపలే ఉండిపోయేది. శరణమ్మ ఇది చాలా సోమవారాలు చూసింది. మాట తక్కువ మనిషి, చూపు ఎక్కువ. ఏం చేస్తే ఆ పట్టుదల వీధి దాకా, బడి దాకా వెళుతుందా అని ఆలోచించింది.

అప్పుడు ఆమెకు పుట్టింటి వీరభద్రుని జాతర గుర్తొచ్చింది. అక్కడ అగ్నిగుండం తొక్కేవాళ్ళు ముందే చేతికి కంకణం కట్టుకుంటారు. అది కట్టాక తాగుబోతు కూడా కల్లు ముట్టడు, కోపిష్టి కూడా నోరు పారేసుకోడు. అంతటి పట్టు ఉన్న దారం అది. మరుసటి సోమవారం శరణమ్మ పసుపు కొమ్ములు చిన్న ముక్కలుగా కోసి, దారం పసుపులో తడిపి, పిల్లలందరి కుడి చేతికీ కంకణం కట్టింది. ఎవరికి ఏం కావాలో అందరూ వినేలా చెప్పించింది. అది సాధించేదాకా విప్పొద్దంది.

పని చేసింది కూడా. సచిన్ అనే పిల్లవాడు పొద్దున అలారం నొక్కేసి మళ్ళీ పడుకోబోతే, చాచిన చేతికి పసుపు కొమ్ము కనిపించేదట. "దేవుడే గుచ్చి లేపినట్టుంటదక్కా" అనేవాడు. సచినూ, ప్రియాంకా ఇద్దరూ పాలిటెక్నిక్ సీటు కోరుకున్నారు. కూరగాయల సంచిలో కూడా పుస్తకం పెట్టుకుని తిరిగే పిల్ల ప్రియాంక. ఆమె సంగతి శరణమ్మకు ఎప్పుడూ దిగులు లేదు.

ఫలితాలు వచ్చాయి. సచిన్‌కు మంచి ర్యాంకు వచ్చింది. ఆ సోమవారం శరణమ్మ పూర్ణం కూరి హోళిగలు చేసింది. సచిన్‌ను ముందుకు పిలిచి, నోట్లో హోళిగ పెట్టి, కంకణం విప్పి లింగం ముందు పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో, ఎప్పుడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడని శరణమ్మ మాట్లాడింది.

"చూసిన్రా? మాటిస్తె గిట్ల నిలబెట్టుకోవాలె. తప్పినోళ్ళు ఏ మొకం పెట్టుకోని లింగాన్ని చేతుల పట్టుకుంటరు?"

గోడ పక్కన కూర్చున్న ప్రియాంక చున్నీ కొసను మణికట్టు మీదికి లాక్కుంది. శరణమ్మ అది చూసింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది. పిల్లలు హోళిగల మీద పడ్డారు. ప్రియాంక తన ముక్క చేతిలో పట్టుకుని, తినకుండానే వెళ్ళిపోయింది.

మరుసటి సోమవారం ఆమె రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. మనిషిని పంపి అడిగించాలనుకుంటూనే శరణమ్మ ఊరుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆమెకు కొంత తెలుసు.

ఆఖరికి ప్రియాంక తల్లే జాకెట్టు గుడ్డతో వచ్చింది.

"పోరి పూజ బందు జేసిందక్కా. లింగం మెడలనే ఉన్నది, చేతులకు తీస్తలేదు. ఏందే అంటె, 'ఏ మొకం పెట్టుకోని తియ్యాలమ్మా' అంటది. ఇంటర్ల చేరమంటె చేరనంటది. నాతోని అల్లం పనికొస్తున్నది. శనివారంతోని కాలేజీల అడ్మిషన్లు అయిపోతయంట. ఇగ దాని సదువు గింతేనేమో."

శరణమ్మ కొలతల టేపు ఆమె భుజం మీద పెట్టి, అలాగే నిలబడిపోయింది. తన మాటే, అక్షరం పొల్లుపోకుండా, ఆ పిల్ల నోటి నుంచి తిరిగి వచ్చింది.

"కంకణం?" అంది.

"ఉన్నది. నల్లగ పీలికైంది. కింద ఒరుసుకపోయి పుండైతున్నది. ఇప్పుదామంటె చెయ్యి గుంజుకుంటది. గెలవకుంట ఇప్పితె పాపమంట."

ఆమె వెళ్ళాక శరణమ్మ తలుపు దగ్గరికి వేసి కూర్చుంది. ఎడమ చేత్తో కుడి చేతి గాజులు పైకి జరిపింది. వాటి కింద ఆమెదీ ఒక కంకణం ఉంది. పిల్లలకు కట్టిన రోజే, వాళ్ళంతా వెళ్ళాక, పళ్ళతో ముడి బిగించి తనకు తానే కట్టుకుంది. ఓపెన్ స్కూలులో పదో తరగతి పాసవ్వాలని మొక్కుకుంది. పరీక్ష రాసింది. లెక్కలూ, ఇంగ్లీషూ పోయాయి. ఆ సంగతి శివరాజ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పిల్లల చేత గొంతెత్తి చెప్పించింది. తనది మాత్రం మనసులో అనుకుంది. సచిన్‌కు హోళిగ తినిపించినప్పుడు కూడా ఆ దారం గాజుల కిందే ఉంది. ఇది తలుచుకుంటే శరణమ్మకు ఒంటరిగా కూర్చున్న ఆ గదిలో కూడా తల ఎత్తబుద్ధి కాలేదు.

పొద్దున షిఫ్టుకు పోయే ముందు శివరాజ్ రొట్టె కోసం కూర్చున్నాడు.

"ఏందే, రొట్టె చేస్తున్నవా, బొగ్గు చేస్తున్నవా?"

శరణమ్మ పెనం దించి, జరిగిందంతా చెప్పింది. శివరాజ్ మాడిన చోటును గిల్లి పక్కన పెడుతూ విన్నాడు.

"మీ ఊర్ల నేను గుండం తొక్కిన ఏడు యాదికున్నదా?"

"తొక్కలె గద నువ్వు."

"గదే చెప్తున్న. కంకణం కట్టుకున్న, ఉపాసమున్న, గుండం అంచు దాక పోయిన. నిప్పులు జూసినంక కాళ్ళు కదల్లె. మీ అన్నలు నవ్వవట్టిరి. నేను ఆ రాత్రికే బస్సెక్కి పారిపోదామనుకున్న."

"మా అన్నలు ఇప్పటికీ నవ్వుతరు."

"నవ్వనియ్యి. తెల్లారి, కంకణాలు కట్టిన మహాదేవప్ప తాతనే గుడి ముందర కూసోని అందరి కంకణాలు ఇప్పిండు. తొక్కినోళ్ళయి ఇప్పిండు, తొక్కనోళ్ళయి ఇప్పిండు. నాది ఇప్పుకుంట, 'మళ్ళేడు చూద్దాం తియ్' అన్నడు. గంతే. ఏం అడగలె."

"మళ్ళేడు తొక్కినవా?"

"మళ్ళేడు గూడ తొక్కలె. ఆ పై ఏడు తొక్కిన." శివరాజ్ చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "కట్టే దినమున్నదంటె ఇప్పే దినం గూడ ఉంటది గదనే. గెలిచినోనికైనా, ఓడినోనికైనా. పోరగాండ్లకు నువ్వు గా దినమే పెట్టకపోతివి."

ఆమె గాజుల వైపు ఒకసారి చూసి, టిఫిను డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు.

జాతరలో సగం మాత్రమే గుర్తుపెట్టుకుని, ఆ సగాన్నే పిల్లల చేతులకు కట్టింది తను. శరణమ్మ ఆ రోజు మిషను ఎక్కలేదు. పుండు మీది ముడి వేళ్ళతో వస్తుందో రాదోనని చిన్న కత్తెర సంచిలో వేసుకుని, ఝరాసంగం వైపు పోయే షేర్ ఆటో ఎక్కింది.

దారిలో చేల పక్కన రేకుల షెడ్డు. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని విత్తనపు అల్లాన్ని ముక్కలుగా తుంచుతున్నారు. ఆ ఘాటుకు శరణమ్మ గొంతు పట్టేసింది. అందరి కళ్ళూ ఆమె మీదే.

"ఏందమ్మో టైలరమ్మా, అల్లానికి గూడ జాకెట్లు కుడుతున్నవా?" అని ఒకామె అంటే షెడ్డంతా నవ్వింది.

ఇంకో రోజైతే శరణమ్మ వెనక్కి తిరిగి ఆటో కోసం పరిగెత్తేది. ఈ రోజు మాత్రం ప్రియాంకను పిలుచుకుని షెడ్డు చివర నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచింది.

"శరణార్థి అక్కా" అని పలకరించింది ప్రియాంక, నేల చూస్తూ. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"చెయ్యి చూపియ్యి బిడ్డా."

"వద్దక్కా."

"ఇప్పుదామని వచ్చిన. గెలిచినా, ఓడినా ఇప్పే దినం ఒకటి పెట్టాలె. నేను పెట్టలె. తప్పు నాది."

"గిప్పుడు గిట్ల అంటున్నరు. గా రోజు అందరి ముందర ఏమన్నరు?" ప్రియాంక చూపు సంచి మీద పడింది. కత్తెర పిడి బయటికి కనిపిస్తోంది. "సచిన్‌ది హోళిగ పెట్టి ఇప్పిన్రు. నాది కత్తెర పెట్టి కోస్తరా అక్కా?"

శరణమ్మకు తల కొట్టేసినట్టయింది. ఓదార్చుదామని బయల్దేరి, పదిమందిలో ఇంకో అవమానం మోసుకొచ్చినట్టుంది తను. గాజులు పైకి తోసి తన చెయ్యి చాపింది.

ప్రియాంక ఆ నల్లబడిన దారాన్ని చూసింది.

"ఇదెవరిది?"

"నాదే."

"ఏం మొక్కుకున్నరు?"

"పదోతరగతి. ఓపెన్ స్కూలు. లెక్కలు పోయినయ్, ఇంగ్లీషు పోయింది."

"ఎప్పుడు?"

"మీ రిజల్టు కన్న ముందుగాలనే."

"మరి గా రోజు, ఏ మొకం పెట్టుకోని అని..."

"నన్ను నేను అనుకోనీకి ధైర్యం లేక, మీ మీద అన్న."

దూరంగా ఎవరో "పనికొచ్చిన్రా, ముచ్చట్లకొచ్చిన్రా" అని కేకేశారు. ప్రియాంక కదల్లేదు.

"లెక్కలల్ల ఎన్నొచ్చినయక్కా?"

"వద్దులే."

"చెప్పున్రి."

"పదకొండు."

ప్రియాంకకు నవ్వొచ్చింది. ఆపుకుందామని అల్లం చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఘాటు కళ్ళకు తగిలి నీళ్ళు కారాయి. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ అంది, "ఇంగ్లీషు నాకు గూడ అంతంతే. లెక్కలైతె వస్తయ్."

"శనివారం కాలేజీ కాడికి నేను తోడొస్త" అంది శరణమ్మ.

"మీరొచ్చి ఏం చేస్తరు?"

"కూసుంట."

ప్రియాంక వెనక దాచిన చెయ్యి ముందుకు తెచ్చి డ్రమ్ములో ముంచింది. దారం బాగా నానాక శరణమ్మ పుండుకు తగలకుండా గోటితో మెల్లగా ముడి విప్పి, ఆ దారాన్ని కొంగున కట్టుకుంది. "మళ్ళేడు చూద్దాం తియ్" అంది. తన చేతి ముడి మాత్రం పళ్ళతో బిగించింది కనుక ఎంత తడిపినా రాలేదు. అప్పుడు బయటికి వచ్చింది సంచిలోని కత్తెర.

షెడ్డులో వాళ్ళకు కత్తెర మెరవడమూ, దారం కింద పడడమూ, పిల్ల కళ్ళు తుడుచుకోవడమూ కనిపించాయి. సాయంత్రం అల్లం లారీతో పాటు ఆ మాట కూడా జహీరాబాద్ చేరింది.

ఆ రోజు తెగింది శరణమ్మ కంకణం. కోసింది ప్రియాంక.