హెల్మెట్ ఇవ్వనన్న రోజు

పోయిన శనివారం ఇక్కడ అమెరికాలో, కమ్మింగ్‌లో మనవరాలి సాకర్ మ్యాచ్ చూస్తుంటే, తలకు దెబ్బ తగిలిన ఒక పిల్లని ట్రైనర్ అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. కోచ్ ఇంకో పిల్లని ఆటలోకి పంపాడు, తల్లిదండ్రులు థాంక్స్ చెప్పారు. పక్కవాళ్లకి అందులో వింతేమీ కనబడలేదు గానీ, నాకు మాత్రం పిస్కాటవే ఊళ్లో యూనివర్సిటీలో ముప్పై దాటిన వయసులో పంతొమ్మిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని అథ్లెటిక్ ట్రైనింగ్ చదువుకున్న రోజులు కళ్లముందు కదిలాయి.

ఆ చదువంటే మనవాళ్లు కసరత్తులు నేర్పించడం అనుకునేవారు. కాదు, ఆటగాళ్లకు దెబ్బ తగలకుండా చూడటం, తగిలితే అందరికంటే ముందు పరుగెత్తి పట్టుకోవడం అని నేను విడమరిచి చెప్పేలోపే, మా ఇంట్లో భోజనానికి కూర్చున్న మావారి స్నేహితుడు, "చెమట కాళ్లకి కట్లు కట్టడానికి యూనివర్సిటీ ఎందుకమ్మా? ఆర్నెల్లు కంప్యూటర్ కోర్స్ చేస్తే జాబ్ వచ్చేస్తుంది కదా," అన్నాడు. ఆయనకి పెరుగు వడ్డించి, మర్నాడే వెళ్లి చేరిపోయాను. చీలమండకి టేపు చుట్టడం మావారి కాళ్ల మీదే నేర్చుకున్నాను. ఊడదీసేటప్పుడు వెంట్రుకలు కూడా లేచొస్తుంటే పాపం పళ్లు బిగబట్టేవారు గానీ, ఒక్కనాడూ మానెయ్యమనలేదు.

రెండో ఏడు నన్ను యూనివర్సిటీ జట్టు దగ్గర పని నేర్చుకోమని పెట్టారు. ఒక మధ్యాహ్నం, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆఖరి ఘట్టంలో ఉండగా మా జట్టులో అందరికన్నా మంచి ఆటగాడు ఎవరినో ఢీకొని పడి, లేచి, తిన్నగా అవతలి జట్టు వైపు నడవసాగాడు. పక్కకు తెచ్చి ఇది ఏ నెల అని అడిగితే నవ్వుతూ తన ఊరి పేరు చెప్పాడు. మా టీచరమ్మ మైదానం అటు చివర ఇంకొకరి మోకాలు చూస్తోంది. నేను అతని హెల్మెట్ తీసుకుని గుండెలకు అదుముకున్నాను, అది లేకుండా ఎవరూ ఆడలేరు కనక.

కోచ్ మీదకొచ్చాడు. "అతనికేం కాలేదు. హెల్మెట్ ఇచ్చెయ్."

"ఇవ్వను. ఏ నెలో చెప్పలేకపోతున్నాడు."

"నువ్వు స్టూడెంట్‌వి!"

"అవును. అయినా ఇవ్వను."

హెల్మెట్‌ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. టీచరమ్మ పరుగున వచ్చి, అతని కళ్లలోకి చూసి, ఈరోజుకి ఇతని ఆట అయిపోయిందని తేల్చి చెప్పింది. మ్యాచ్ ఓడిపోయాం. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఆటగాడికి ఆ మధ్యాహ్నం ఒక్క ముక్కా గుర్తులేదట. అతను మళ్లీ ఆడటానికి డాక్టరు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. తిరిగొచ్చిన మొదటి రోజు టేపు కోసం నిలబడ్డ వరసలో అందరినీ దాటుకుని వచ్చి, నా బల్ల మీద కాలు పెట్టి టేపు వెయ్యమన్నట్టు చూశాడు. కోచ్ ఏడాది చివరిదాకా నన్ను పేరుతో పిలవలేదు. పిలవకపోతే పోనీ అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఈ రోజుల్లో తలకు దెబ్బ తగిలితే ఆట ఆపించాల్సిందేనని రూలుంది, గొడవపడే పని లేదు. ట్రైనర్లుగా మేం కోరుకున్నదీ అదే. అయినా ఒక్కోసారి, ఆ రూలు లేని కాలంలో ఎవరెవరు ఎంతెంత తిట్లు తిన్నారో ఈ పిల్లలకి ఎవరూ చెప్పరు కదా అని మనసు చివుక్కుమంటుంది. పడ్డవాళ్లని లేపడం నేర్చుకున్న నాకే, ఇప్పుడు గడ్డి మీద మోకాళ్లు వంచి కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ చెయ్యి అడగడం మాత్రం నాకింకా చేతకావడం లేదు.