సత్తన్న ఊపిరిలో నేను పెట్టిన భయం

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా దాని దగ్గరిదాకా వచ్చి పక్కకు తప్పుకుంటాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా పనిచేశాను. ఇల్లు పాతబస్తీ జహనుమాలో. యాభై రెండో ఏట ఒకరోజు స్తంభం దిగి కింద కాలు పెట్టేసరికి ఛాతీ పట్టేసింది. గుండెకు పోయే నరాలు మూడు మూసుకుపోయాయన్నారు. బైపాస్ చేయాలన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్లకు వరుస ఉంది. నా వంతు రెండు వారాల తర్వాత గురువారం.

పక్క మంచం సత్తన్నది.

ఆయనది యాకుత్‌పురా. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పదహారో ఏట నుంచి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లిళ్లు, బోనాలు, ఎవరైనా పోతే చివరి ఊరేగింపు. పాతబస్తీలో ఆయన వాద్యం వినని గల్లీ లేదని ఆయన భార్య అండాలక్క అనేది. ఆయన ఆపరేషన్ నాకంటే ముందు, మంగళవారం.

పెద్ద డాక్టరు చూడటానికి వచ్చిన మొదటి రోజు, ఆయన తన ప్రాణం గురించి అడగలేదు. "సార్, మళ్ల ఊదుతనా?" అని అడిగాడు. డాక్టరు నవ్వి, ఛాతీ ఎముక అతుక్కోవాలి, మూడు నెలలు ఆగు, తర్వాత మెల్లమెల్లగా మొదలుపెట్టు అన్నాడు. అంతే. ఆ క్షణం నుంచి సత్తన్నకు ఆపరేషన్ అంటే మళ్లీ వాయించడానికి మూడు నెలల ముందు జరిగే ఒక పని. మాకందరికీ అది ఒక గోడ. దాని అవతల ఏముందో మాకు కనిపించేది కాదు. ఆయనకు కనిపించేది.

ఆపరేషన్ అయి వార్డుకు తిరిగొచ్చినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కూర్చునేవాడు. "కైసా లగా భాయ్?" అని మొదలుపెట్టేవాడు. కళ్లు తెరిచినప్పుడు ఎట్లా ఉంది, గొంతులో పైపు ఎంతసేపు ఉంచారు, మొదటి దగ్గు ఎంత నొప్పి, ఏ రోజు నడిచారు, ఏ రోజు అన్నం రుచి తెలిసింది. అన్నీ అడిగి తెలుసుకుని వచ్చి నాకు అప్పజెప్పేవాడు. ఊపిరితిత్తుల వ్యాయామం కోసం మా అందరికీ మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నాకు ఒక్కటి లేచేది. సత్తన్న మూడింటినీ లేపి, దీపాల్లాగా అక్కడే నిలబెట్టేవాడు. "బుగ్గలతోటి గుంజకు తమ్మీ, కడుపులకెల్లి గుంజు" అని నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి నేర్పించాడు. మూడు రోజులకు నేను రెండు బంతులు లేపాను. వార్డంతా వినేటట్టు చప్పట్లు కొట్టాడు.

అటువంటి మనిషికి నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం. అన్నాలయ్యాయి. ఆడవాళ్లు బయట చెట్టు కింద కూర్చున్నారు. మేమిద్దరం వరండా కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆయన వేళ్లు కిటికీ చువ్వ మీద క్లారినెట్ రంధ్రాలు మూసి తెరిచినట్టు ఆడుతున్నాయి. ఏదో పాట ఆయనకు లోపల వినిపిస్తోంది.

"నీకు భయం, బుగులు గాదా సత్తన్నా?" అని అడిగాను.

"ఎందుకు గాదు తమ్మీ? మనిషినే గద. గని బుగులుకు ఒక పని చెప్పిన. కూసోని దినాలు లెక్కవెట్టుమన్న. బోనాలకు ఊదాలె నేను."

నాకు ఏమైందో. "ఊదుడు సంగతి జర ఆలోచించుకో అన్నా" అన్నాను.

"ఏంది?"

"కిషన్‌బాగ్ల మల్లేశ్ అని ఉండె, నాకు ఎరుకైనోడు. బ్యాండుల బాకా ఊదెటోడు. గిదే ఆపరేషన్ అయింది. ఆర్నెల్ల తర్వాత పెళ్లి బారాత్‌ల ఊదిండు. ఎముకకు కుట్టిన తీగలు లోపల్నే తెగినయి. నడి బజార్ల కూలవడ్డడు."

ఆయన వేళ్లు ఆగిపోయాయి. "డాక్టరు సారు గట్ల చెప్పలే గద?"

"చెప్తరా అన్నా? చెప్తె ఎవడు సంతకం పెడ్తడు?"

మల్లేశ్ అని ఎవరూ లేరు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో కూడా నాకు తెలియదు. బాకా, కిషన్‌బాగ్, బారాత్, తీగలు, అన్నీ ఒకదాని వెంట ఒకటి నోట్లోకి వచ్చాయి. అబద్ధం ఆడుతున్నానని తెలుసు. అయినా ఆపలేదు.

ఎందుకు ఆడాను? ఆయన వెనక్కి తగ్గితే మంగళవారం నాకు దొరుకుతుందని ఆడానా? ఇంకా పదకొండు రోజులు ఎదురుచూడటం నా వల్ల కాదని అప్పటికే నర్సుతో రెండుసార్లు అన్నాను, నిజమే. చాలా ఏళ్లు ఆ కారణమే నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే ప్రాణభయంతో చేసిన తప్పును ఎవరైనా కొంత అర్థం చేసుకుంటారు. కానీ అదొక్కటే కాదు. ఆయన పక్కన నిలబడితే నా పిరికితనం నాకు కనిపించేది. ఆ నిబ్బరం ఒక్కసారి చెదిరితే చూడాలనిపించింది. ఇది రాయడం కష్టంగా ఉంది. అయినా ఇదే నిజం.

సోమవారం సాయంత్రం కాగితాలు తెస్తే సత్తన్న సంతకం పెట్టలేదు. ఇంటికి పోతానన్నాడు. డాక్టరు అడిగాడు, అండాలక్క ఏడ్చింది. కారణం చెప్పలేదు, నా పేరు ఎత్తలేదు. గంట తర్వాత నర్సు నా దగ్గరికి వచ్చి, రేపటికి ఖాళీ వచ్చింది, మీ రిపోర్టులన్నీ సరిగ్గా ఉన్నాయి, సిద్ధమేనా అంది. సిద్ధమే అన్నాను.

మంగళవారం పొద్దున నన్ను చక్రాల బండి మీద తోసుకుపోతుంటే, మూట కట్టుకుని ఇంటికి బయలుదేరిన సత్తన్న ఆ బండి పక్కనే నడిచాడు. తలుపుదాకా వచ్చాడు. "అన్నీ యాదికున్నయా? కండ్లు తెరిస్తె నోట్ల పైపు ఉంటది, మాట రాదు. బుగులు పడకు, అది తీసేస్తరు. దగ్గొస్తె దిండు గట్టిగ అదుముకో" అన్నాడు. నా అబద్ధం ఆయన ధైర్యాన్ని విరిచేసింది, అయినా మిగిలిన ముక్కల్ని ఏరి నా చేతిలో పెట్టాడు.

అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. పైపు ఉంది. మాట రాలేదు. నేను భయపడలేదు. ప్రతి నొప్పీ ముందే పరిచయమైన మనిషిలా వచ్చి పోయింది. రెండో రోజు కుర్చీలో కూర్చున్నాను, నాలుగో రోజు వరండా చివరిదాకా నడిచాను. ఇంత తొందరగా కోలుకున్నావు, ఎవరు నేర్పారు ఇవన్నీ అని నర్సు అడిగింది. డాక్టర్లే అన్నాను. చూడండి, ఆ ఒక్క మాట కూడా ఆయనకు దక్కనివ్వలేదు.

నాలుగు నెలలకు సత్తన్నకు మళ్లీ గుండెపోటు వచ్చింది. ఈసారి ఇంటికి పోయే వీలు లేదు, చేసేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పాడట. నేను చూడటానికి వెళ్లాను. మూడు బంతుల డబ్బా ఒళ్లో ఉంది. ఒక్క బంతి కూడా సరిగ్గా లేవడం లేదు. దిండును ఛాతీకి అదిమిపట్టి, సగం ఊపిరి తీసి, భయంతో అక్కడే ఆపేస్తున్నాడు. దగ్గడు. నడవమంటే గోడ పట్టుకుని రెండడుగులు వేసి కూర్చుంటాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆయనతోపాటు ఆపరేషన్ అయినవాళ్లు ఇళ్లకు పోయారు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

అండాలక్క నన్ను తలుపు దగ్గరికి తీసుకుపోయింది. "బుక్కెడు గాలి గూడ పీలుస్తలేడు తమ్మీ. ఎవడో మల్లేశట, ఛాతీ పలిగిందట. గదే మాట. నువ్వన్న చెప్పు, నీ మాట ఇంటడు" అంది.

అప్పుడు చెప్పాల్సింది. మల్లేశ్ లేడన్నా. ఒక్క మాట. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. "డాక్టర్లు చెప్పినట్టు ఇను అన్నా" అన్నాను. లేచి వచ్చేశాను. కిటికీ దగ్గర చేసిన తప్పుకంటే ఇది పెద్దదని ఇప్పుడు అనుకుంటాను. మొదటిది నోరు జారడం అనుకున్నా, ఇక్కడ నా కళ్ల ముందు ఒక మనిషి ఊపిరి ఆడక కూర్చున్నాడు. తాళంచెవి నా జేబులో ఉంది.

సత్తన్న ఇంటికి వచ్చాక కూడా క్లారినెట్ పెట్టె తెరవలేదు. ఎముక అతుక్కుందని డాక్టరు ఫోటో చూపించి చెప్పాడు. వినలేదు. ఏడాది దాటింది. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ మల్లేశ్ ఇల్లు చూపియ్యి తమ్మీ. మనిషిని ఒకసారి కలుస్త. ఎట్ల సంబాళించుకున్నడో అడుగుత" అన్నాడు.

"చనిపోయిండన్నా" అన్నాను.

"మళ్ల ఊదిండా, పోయేముంగట?" అని అడిగాడు. లేదన్నాను. "పాపం" అన్నాడు.

మర్నాడు ఆయన మూడు బంతుల డబ్బా బయటికి తీశాడని అండాలక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఒక బంతి. కొన్ని వారాలకు రెండు. ప్రతి ఊపిరికీ మొహంలో ఆ పాత భయం కనిపించేది, అయినా పీల్చేవాడు. భయం పోయాక చేసిన పని కాదది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేశాడు. మూడో బంతి లేచిన రోజు క్లారినెట్ పెట్టె తెరిచాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లికూతలు వచ్చాయి. గల్లీలో జనం నవ్వారు, ఆయనా నవ్వాడు.

ఆషాఢంలో బోనాల ఊరేగింపులో, మేళం ముందు వరుసలో ఆయన్ని చూశాను. చెంపలు లోపలికి పోయాయి, చొక్కా వదులైంది. వాయిద్యం పెదాలకు ఆనించి, కళ్లు మూసుకుని, నాకు నేర్పిన చోటినుంచే, కడుపులోంచి ఊపిరి తీశాడు. ఆ స్వరం డప్పులన్నిటి మీదుగా లేచింది. అండాలక్క పక్కన నిలబడి ఏడ్చాను. ఆమె నా భుజం తట్టింది. ఆమెకేం తెలుసు?

పాట అయ్యాక చెమట తుడుచుకుంటూ వచ్చి, "గిది మల్లేశ్‌ది తమ్మీ. ఆయనకు తీరలే గద, నేను తీర్చిన" అన్నాడు.

నా రెండో అబద్ధమే ఆయన్ని లేపిందని కొన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా దొంగలెక్కే. చచ్చిపోయాడని నేను చెప్పింది ఇంకొకరు వింటే ఇంకా ముడుచుకుపోయేవాళ్లు. చూడని మనిషి కోసం జాలిపడి, ఆ జాలిలోంచి బలం తీసుకున్నది సత్తన్న. మొదట్లోనే ఆ బలం ఆయన దగ్గర ఉంది. అది తోడుగా ఆపరేషన్‌కు వెళ్లి ఉంటే మూడు నెలల్లో వాయించేవాడు. నేను దాన్ని తీసేసుకున్నాను. దానితోనే నేను కోలుకున్నాను. ఆయనకు రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆయనకు అరవై ఏడు. వాయిస్తూనే ఉన్నాడు. ఈ ఏడు పెత్తరమాసకు, పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే రోజున, నాకు ఫోన్ చేశాడు. తల్లి పేరున, తండ్రి పేరున ఇస్తున్నాడట. మల్లేశ్ పేరున కూడా ప్రతి ఏడాదీ ఇస్తున్నాడట. నాకు అంతవరకు తెలియదు. "అయ్యగారు ఇంటిపేరు అడుగుతుండు తమ్మీ. ఏంది ఆయన ఇంటిపేరు?"

ఏదో ఒకటి చెప్పడం ఎంత సులభం. నోటిదాకా వచ్చింది కూడా. ఈసారి రానివ్వలేదు.

"నాకు తెల్వదన్నా" అన్నాను.

"పర్వాలే, ఉత్త పేరుతోనే ఇస్త" అని పెట్టేశాడు.

వెళ్లి చెప్పాలా? చెబితే ఏమంటాడు? నవ్వుతాడేమో. తలుపు మూస్తాడేమో. ఆ ఇంట్లో మళ్లీ నాకు చాయ్ పోయకపోవచ్చు. నాకు తెలియదు. క్షమించమని అడగడానికి ముందు నిజం చెప్పాలి కదా, ఇన్నేళ్లలో నేను నిజాన్ని గట్టిగా పలికింది కూడా లేదు. అందుకని ముందు ఇక్కడ, మీ ముందు.

సత్తన్నా, మల్లేశ్ లేడు. ఎప్పుడూ లేడు. ఎవరి తీగలూ తెగలేదు. అది నేను కల్పించాను.

రాశాను. పదకొండేళ్ల తర్వాత నేను కూడా ఊపిరి చివరిదాకా తీసుకున్నాను.