కృష్ణ ఇసుకలో గాలి జాడ

నేను గుంటూరులో ఆడపిల్లలకు భూగోళం చెబుతాను. గాలి ఇసుకను ఎలా మోస్తుందో చెప్పేటప్పుడల్లా పుస్తకంలోని ఎడారి బొమ్మే చూపించాల్సి వచ్చేది. వేసవిలో కృష్ణ ఎండి, బెజవాడ జనం తలుపులు మూసుకునేంత దుమ్ము లేస్తుంటే, మా పిల్లలు ఒంటెల బొమ్మలో గాలిని నేర్చుకోవడమేమిటని, మన ఏటి గాలినే ఫోటో తీసి చూపించాలని నాకు పంతం పుట్టింది. యుద్ధం ముగిసినా కెమెరాకు ఫిల్ము దొరకడం గగనమే. మూడు నెలలు వెతికితే ఒక చుట్ట దొరికింది. ఎనిమిది బొమ్మలు వస్తాయి.

వైశాఖంలో ఒక శనివారం పొద్దున్నే పాసింజరు ఎక్కి, మంగళగిరి మీదుగా తొమ్మిదిన్నరకు బెజవాడలో దిగాను. వన్ టౌన్‌లో భోజనం చేసి జట్కావాణ్ని పిలిస్తే ఏటిగట్టుకు ఆరణాలు అడిగాడు.

"ఈ ఎండలో ఏట్లో ఏముందండీ, ఇసక తప్ప?"

"ఆ ఇసక కోసమే."

గుర్రాన్ని అదిలించాడు.

ఆనకట్టకు దిగువన అరమైలు నడిస్తే పుచ్చపాదులు. పడమటి గాలికి అడ్డంగా ప్రతి వరసకూ రెల్లు దడి. ఏటేటా అక్కడ పుచ్చ వేసే మరియమ్మ తన పాక నీడన కూర్చోబెట్టి కాయ కోసిచ్చింది. మధ్యాహ్నంలోగా ఆరు బొమ్మలు తీశాను గాని, అన్నీ చప్పగానే వస్తాయనిపించింది. మూడు గంటలకు పడమటి కొండలు మాయమై, వాటి స్థానంలో మట్టిరంగు గోడ లేచింది.

కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

"తీసెయ్యండి అమ్మగారూ, ఇంకా దేనికి చూస్తన్నారు?"

"ఇంకొంచెం దగ్గరికి రానీ, మరియమ్మా."

"దగ్గరికొస్తే మీ చెయ్యి మీకే కనపడదు."

నొక్కేసరికే దుమ్ము మీద పడింది. ఆమె నన్ను దడి వెనక్కి లాగి, గాలికి వీపు పెట్టి కూర్చోమంది. కెమెరాను కొంగులో చుట్టి ఒళ్లో దాచుకున్నాను. పావుగంట సేపు పళ్ల కింద ఇసుకే.

కళ్లు తెరిస్తే పాదులు లేవు. ప్రతి దడి వెనకా ఒక ఇసుక కుప్ప, పోనుపోను సన్నబడి తోకలా సాగింది. మరియమ్మ ఆ తోక చివర కూర్చుని వేళ్లతో ఇసుక తీయసాగింది.

"పాదు మొదలు దడి దగ్గరుంటే ఇక్కడ తవ్వుతావేం?"

"గాలి ఇటు పోయిందండీ. పోయిన వైపు కుప్ప సన్నబడుద్ది. ఆడ తీగె కొస దొరుకుద్ది. దాన్ని పట్టుకుని మొదలు కాడికి పోతాం. మొదట్లో తవ్వితే తెగుద్ది."

ఇరవయ్యేళ్లుగా నేను నల్లబల్ల మీద గీస్తున్న పాఠాన్ని ఆమె వేళ్లతో చేస్తోంది. మిగిలింది ఒక్క బొమ్మ. ఎండ వాలి తోకకు నీడ పడే దాకా, అయిదింటి వరకూ ఆగాను. ఆ లోపల నేనూ ఇసుక తీయబోయి రెండు తీగెలు తెంపాను.

"చదువుకున్న చేతులండీ, తొందరెక్కువ" అంది మరియమ్మ.

ఇసుకలో మోకరిల్లి, ఆమె చెయ్యి, తీగె కొస, కుప్ప మొత్తం ఇమిడేలా చూసి నొక్కాను.

దుమారాన్ని తీసిన బొమ్మలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు. చివరిది మాత్రం ఇప్పుడు మా తరగతి గోడ మీద ఉంది. అది మంచి ఫోటోనో కాదో నేటికీ తేల్చుకోలేను. కానీ నేనేమీ చెప్పకముందే వెనక వరస పిల్ల ఒకతె వచ్చి, కుప్ప మీద వేలు నడిపి, "గాలి ఇటు నుంచి ఇటు పోయిందండీ. ఇది మన ఏరేనా?" అంది. అవునన్నప్పుడు నా గొంతులో గర్వం నాకే వినిపించింది. మీరూ వెళితే, దుమారం ఆగగానే జట్కా ఎక్కేయకండి, ఎండ వాలే దాకా ఉండండి. పాదుల్లో మాత్రం దారి అడిగి నడవండి, ఇసుక కింద తీగెలుంటాయి.