సొంబులో జపాను పాట

ఉరవకొండలో బస్సు దిగి, బొరుగుల ఉగ్గాని ఎక్కడ బాగుంటుందని ఎవరినడిగినా బయమ్మ అంగడి చూపిస్తారు. చూపిస్తూ ఒక మాట కలుపుతారు. లోపల పాట వినిపిస్తుంటే ఆమెను పలకరించవద్దు, మారు అడగవద్దు, గమ్మున తిని వచ్చేయమని.

ఆ పాట జపాను పాట. మనసు బాగాలేని పూట బయమ్మ నీళ్ళు తాగే ఇత్తడి సొంబు ఖాళీ చేసి అందులో ఫోను నిలబెడుతుంది. పాడే పిల్ల బావి అడుగున కూర్చుని పాడుతున్నట్టు, ఆ సొంబులోంచి సన్నటి గొంతు గుండ్రంగా పైకి వస్తుంది. అది వింటూ బయమ్మ ఉల్లిగడ్డలు తరుగుతుంది. ఆమె కన్నీళ్ళలో ఉల్లిగడ్డల వాటా ఎంత, జపాను వాటా ఎంత అని మా వీధిలో పందాలు కూడా జరిగాయి. తేల్చే దారి లేక పందెం సొమ్ముతో అందరం మిరపకాయ బజ్జీలు తినేశాం.

ఒక ఎండాకాలం ఆమె అదే పాట వరసగా పెడుతూ పోయేసరికి అంగడి ముందు దించిన రేకుల మీద వాన పడింది. పక్కనున్న మైక్‌సెట్టు అంగడి మీద ఒక్క చుక్క లేదు. నమ్మనివాళ్ళు ఆ అంగడి నడిపే శశికుమార్‌ను అడగండి. అతను ఒప్పుకోడనుకోండి, అది వేరే సంగతి.

పాటలు తెచ్చింది మనవరాలు హేమావతి. అనంతపురంలో డిగ్రీ చదువుతూ ఒక పరీక్ష పోయి, ఇంటికొచ్చి, మొహం మీద టవలు కప్పుకుని, చెవుల్లో ఆ పాటలు పెట్టుకుని పడుకుంది. ఏం వింటోందా అని అవ్వ ఒక చెవిది పీకి తన చెవిలో పెట్టుకుంది. పాట అయ్యేదాకా కదల్లేదు. నూనెలో బజ్జీలు బొగ్గులయ్యాయి. పిల్ల మళ్ళీ పరీక్ష రాసి పాసైపోయింది. అవ్వ మాత్రం జపానులోనే ఉండిపోయింది.

కాన్వెంటులో చదివినవాణ్ణి కాబట్టి ప్రపంచంలోని భాషలన్నీ నాకు వస్తాయని మా వీధి నమ్మకం. దాన్ని చెడగొట్టే పని నేనెప్పుడూ పెట్టుకోలేదు. ఒకరోజు ఉగ్గాని ప్లేటు పట్టుకుని ఆమెకు పాట అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్ల చెనిక్కాయ చేను ఎండిపోయిందని, మోటారు బాగుచేయిస్తానని టోక్యో పోయిన మొగుడు తిరిగి రాలేదని చెప్తుండగా బయమ్మ చిల్లుల గరిటె ఎత్తి ఆపింది.

"అర్థం చెప్పొద్దప్పా. మాటలు తెలిస్తే అది ఆ పాప బాధ అయితాది. తెలీకపోతే నాదే."

తెలుగు పాటలు వినొచ్చు కదా అంటే, వాటిల్లో ఏడ్చేవాడి తప్పేమిటో తనకు తెలిసిపోతుందని, తెలిశాక తిట్టాలనిపిస్తుందే గానీ ఏడవాలనిపించదని చెప్పింది.

ఆమె బాధేమిటో వీధికంతా తెలుసు. కణేకల్ దగ్గర పల్లెలో ఉన్న అక్క మారెక్క. తల్లి చిన్నప్పుడే పోతే బయమ్మను చంకనేసుకుని పెంచిన మనిషి. చుట్టాల పెళ్ళిలో బయమ్మ చేసిన ఉగ్గాని నోట్లో పెట్టుకుని, దీన్ని కొట్టంలో ఎనుముకు పెడితే ఎనుము కూడా తినకుండా మన మొహం చూస్తుందని బంతిలో అందరి ముందూ అంది. బయమ్మ గంపెడు బొరుగులు అక్క ఒళ్ళో కుమ్మరించి లేచి వచ్చేసింది. అక్క తన గడప తొక్కేదాకా అక్క ఊరి బస్సు కూడా ఎక్కనని చెల్లెలు ఒట్టు పెట్టుకుంది. దాని గడప తొక్కేది అది చచ్చిన రోజేనని అక్క చాటించింది. ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు కావడంతో వచ్చిన చిక్కు ఇది. అక్క వచ్చి తన గడప తొక్కాలి, తర్వాత కూడా వస్తూ పోతూ ఉండాలి. బయమ్మకు ఈ ఒక్క కోరికే మిగిలింది. తక్కినవన్నీ ఎప్పుడో నూనెలో వేయించి అమ్మేసింది.

మొన్న ఎండలు ముదిరే ముందు మారెక్క మునిమనవణ్ణి ఉయ్యాల్లో వేశారు. చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళాయి, బయమ్మకు రాలేదు. ఆ సంగతి చెవిన పడిన పొద్దున ఆమె పొయ్యి ముట్టించలేదు. పండగనాడు కూడా దించని షట్టరు దించి, శశికుమార్‌ను పిలిచింది.

"ఈ పొద్దు సొంబు చాలదప్పా. నీ పెద్ద హారన్లు కట్టు."

జాతర నుంచి వచ్చిన హారన్లు అతను ఎలాగూ పరీక్షించాలి. ఆమె మిద్దె మీద ఒకటి బస్టాండు వైపు, ఒకటి కొండ వైపు తిప్పి కట్టి పాట పెట్టాడు. బయమ్మ లోపల చాప మీద, తల మీదుగా కొంగు లాక్కుని పడుకుంది. ఉరవకొండ ఊరు ఊరంతా జపానులో ఏడ్చింది. కండక్టర్లు టికెట్లు కొట్టడం మరిచిపోయారు. సోడాల్లో గ్యాసు దానంతటదే పోయింది.

మా వైపు మైక్‌సెట్టుకు ఒక పద్ధతి ఉంది. పెళ్ళింటి మీద హుషారు పాట, చావింటి మీద ఏడుపు పాట. మిద్దె మీద హారన్లు చూసి, పాట రకం వింటే చాలు, ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. నోరు తెరిచి అడగడం మర్యాద కాదు. ఆ రోజు మారెక్క పల్లెకు చెందిన వెంకటప్ప కాలిన మోటారు చుట్టించుకోవడానికి మా ఊరు వచ్చాడు. అంగడి షట్టరు మూసి ఉంది. పైన హారన్లు. గుండె పిండే ఆడగొంతు. వాకిట్లో మొహాలు వేలాడేసుకున్న మగవాళ్ళం. మేం వేలాడేసుకున్నది బజ్జీలు లేనందుకని అతనికేం తెలుసు? తలగుడ్డ తీసి కాసేపు నిలబడ్డాడు. తెలియని భాషలో పాటేమిటని అనుమానం రాలేదా అని తర్వాత అడిగితే, కలిగిన మనిషి కదా, ఖరీదైన ఏడుపు తెప్పించినారనుకున్నానని చెప్పాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా అక్కడినుంచే మారెక్కకు ఫోను చేశాడు.

మధ్యాహ్నానికి జీపు నిండా జనం దిగారు. ముందు మారెక్క. ఆడపిల్ల పోతే ఆఖరి చీర పుట్టింటివాళ్ళే తేవాలి. ఆ చీరను గుండెకు హత్తుకుని, జీపు ఆగకముందే రాగం ఎత్తుకుంది.

"నా చెల్లెలా, నా సజ్జకంకీ, పెద్దదాన్ని నన్ను ఇడిసిపెట్టి నువ్వు ముందు పోతివా..."

అప్పుడే నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. కానీ కింద మారెక్క, పైన జపాను పిల్ల, ఇద్దరి గొంతులూ ఎంత చక్కగా కలిశాయంటే మధ్యలో మాట్లాడటం పాపమనిపించింది. శశికుమార్ అయితే వాల్యూము కాస్త తగ్గించి మారెక్కకు దారిచ్చాడు.

లోపల బయమ్మ లేచి కూర్చుంది. గొంతు అక్కదని, వచ్చింది తన చావుకని అర్థమైంది. వెంటనే బయటికి రావలసిన మనిషి, చెవి షట్టరుకు ఆనించి నిలబడింది. చచ్చిపోయాక అక్క తన గురించి ఏమంటుందో వినే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

మారెక్క ఏడుస్తూనే అన్నీ చెప్పింది. చెల్లెల్ని చంకలో పెట్టుకుని కూలికి పోయిన సంగతి, పచ్చి చెనిక్కాయలు తాను నమిలి దాని నోట్లో పెట్టిన సంగతి చెప్పింది. పెళ్ళిలో ఆ మాట కుళ్ళుకొద్దీ అన్నానని, ఆ రోజు అందరికంటే ఎక్కువ తిన్నది తానేనని, తర్వాత ఎవరింట ఉగ్గాని తిన్నా గడ్డి నమిలినట్టే ఉందని చెప్పింది. షట్టరు వెనక ముక్కు చీదిన చప్పుడైంది. అక్కడితో ఆపి ఉంటే బయమ్మ ఇంకో గంటయినా చచ్చే ఉండేది. ఏడుపులో అబద్ధం ఉండకూడదనుకుంది కాబోలు, మారెక్క ఆపలేదు.

"నీ చేతి రుచి ఇంకెవరికొస్తాదే నా తల్లీ. ఉప్పొకటే రవంత ఎక్కువేస్తివి..."

షట్టరు గడగడమంటూ పైకి లేచింది.

"ఉప్పు యాడ ఎక్కువైంది? చచ్చినా వదలవా నన్ను?" అంది బయమ్మ.

వచ్చినవాళ్ళలో సగం మంది మళ్ళీ జీపెక్కేశారు. డ్రైవరు జీపు కిందికి దూరాడు. మారెక్క మాత్రం కదల్లేదు. చెల్లెల్ని ఎగాదిగా చూసింది. దగ్గరికొచ్చి చేయి గిల్లింది. బయమ్మ అబ్బా అన్నాకే నమ్మి, వీపు మీద ఒక్కటిచ్చింది.

"బతికుండి హారన్లు కట్టించుకుంటావా? దోవలో నా గుండె ఆగిపోయింటే నాకెవరు కట్టిస్తారే?"

"గడప తొక్కితివి కదక్కా."

మారెక్క తన కాళ్ళు చూసుకుంది. రెండూ గడప లోపలే ఉన్నాయి. వెనక్కి తీయబోయింది గానీ అప్పటికే బయమ్మ కళ్ళు చీర మీద పడ్డాయి. లాక్కుని, అంచు తిప్పి, వెలుతురుకు పట్టి చూసింది. ధర్మవరం పట్టు.

"చచ్చినదానికి పట్టుచీర. బతికినదానికి జాకెట్టు గుడ్డ కూడా పెట్టలేదే నువ్వు."

అది కట్టుకుంటే అపశకునమని మారెక్క గుంజింది. ఇంత మంచి చీర మట్టిపాలు చేస్తావా అని బయమ్మ గుంజింది. చివరికి చీర బయమ్మ భుజం మీదికి చేరింది. తెచ్చిన పూలదండ ఏం చేయాలో తెలియక శశికుమార్ హారనుకు వేసి దండం పెట్టాడు.

పొయ్యి ముట్టించారు. జీపెక్కినవాళ్ళంతా బజ్జీల వాసనకు ధైర్యం తెచ్చుకుని దిగారు. మారెక్కకు మాత్రం ముద్ద దిగలేదు. ఒక చావుకు సరిపడా ఏడుపు మోసుకొచ్చింది, సగం కూడా ఖర్చు కాలేదు, మిగిలింది గొంతులో అడ్డం పడింది. బయమ్మకు ఆ నొప్పి తెలుసు. హారన్లలో పాట ఆపించి, సొంబు తెచ్చి అక్క ముందు పెట్టి, అందులో ఫోను నిలబెట్టింది.

కాసేపు విని, ఈ పాప ఏమంటాండాదని మారెక్క అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను. చిల్లుల గరిటె నా వైపు తిరిగింది.

"ఎవరికి తెలుసు? నువ్వు ఏడువు" అంది బయమ్మ.

అక్కాచెల్లెళ్ళు సొంబుకు చెరో పక్కా తలలు ఆనించి హాయిగా ఏడ్చారు. పాట మారే సందులో నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. తర్వాత మారెక్క మారు పెట్టించుకుని మరీ తింది. ఉప్పు మాట ఎత్తలేదు.

పొద్దు వాలుతుంటే డ్రైవరు పిలిచాడు. చావింటికి వచ్చినవాళ్ళు పోయొస్తామని చెప్పరు. మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు. మారెక్క కూడా కొంగు దులుపుకుని గమ్మున జీపు వైపు నడిచింది. బయమ్మ మొహం వాడిపోయింది. అక్క వచ్చిన మాట నిజమే. కానీ అన్నట్టుగానే చావుకు వచ్చి, చావుకు వచ్చినట్టే పోతోంది. రేపటి నుంచి మళ్ళీ ఎవరి గడప వాళ్ళదే.

"చెప్పి పోక్కా."

మారెక్క జీపు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఏదో గొణిగింది. తనకు వినపడలేదని బయమ్మ అంది. మళ్ళీ గొణిగితే, వీధిలో ఎవరికీ వినపడలేదని అంది. శశికుమార్ తీగ లాక్కుంటూ పరిగెత్తి మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. మారెక్క దానికేసి, మా అందరికేసి కోపంగా చూసి, గాలి పీల్చుకుంది.

"పోయొస్తానే."

మాట రెండు హారన్లలోంచీ వెళ్ళింది. బస్టాండులో గుంతకల్లు బస్సెక్కుతున్నవాళ్ళు, పోయేదెవరో తెలియకపోయినా, పోయి రామ్మా అని చేతులూపారు. అటు కొండ కూడా పోయొస్తానే అంది. దాన్ని మాత్రం ఎవరూ పొమ్మనలేదు.