చుక్కల తాత చెయ్యి

ఆయన ఆఫీసు కారు నడిపి రిటైరయ్యాడు. వీధి పిల్లలు పెట్టిన పేరు చుక్కల తాత. రాయి తగిలి కారు రంగు పెచ్చు ఊడితే, అక్కడ చుక్క పెట్టి దెబ్బ కనబడకుండా చేసేవాడు. తన కారుతో మొదలుపెట్టి పక్కింటివాళ్ళ కార్ల దాకా వెళ్ళాడు. ఇంట్లో ఊడిన తలుపు గడియ మాత్రం అలాగే ఉండేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఆయనకు రచ్చే సులువు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. సబ్బునీళ్ళతో కడగాలి, తుప్పుంటే ఉప్పుకాగితంతో గీకాలి, ప్రైమరు వెయ్యాలి, అది ఆరాక రంగు. సన్నగా చెక్కిన అగ్గిపుల్ల కొసతో గుంట నడుమ రంగు ముట్టించి వదిలేస్తే అదే పాకుతుంది. ఆరాక ఇంకో పొర. ఒకేసారి నింపేస్తే పులిపిరిలా నిలబడుతుంది. "అంత తొందరైతే స్టిక్కరు అంటించుకోండి," అనేవాడు పక్కింటివాళ్ళతో.

ఈమధ్య ఆయన పెట్టే చుక్కలన్నీ పులిపిర్లే అవుతున్నాయి. చెయ్యి వణుకుతోంది. అది కూతురి కంట పడింది. ఆమె కూతుర్ని రోజూ కారులో బడి దగ్గర దింపేది ఆయనే మరి.

"నాన్నా, ఆ చేత్తో స్టీరింగ్ ఎలా పడతావ్? ఇంక చాల్లే."

"చలికి వణికిందమ్మా. ఆదివారం వచ్చి చూడు. మన కారు బానెట్ మీద రాయి దెబ్బ ఎక్కడుందో నువ్వే వెతుక్కోవాలి."

"సరే. అది చూశాకే తాళాల సంగతి."

మనవరాలి కబుర్లు వింటూ బడిదాకా వెళ్ళడం కోసమే ఆయన పొద్దున్నే లేచేవాడు. అది పోతుందేమోనని భయం పట్టుకుంది.

శనివారం ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని మొదలుపెట్టాడు. రంగు గుంట దాటి ఒలికింది. తుడిచాడు. మళ్ళీ ఒలికింది. కిటికీ దగ్గర జాకెట్ కుడుతున్న భార్య, మిషను ఆపి బయటికొచ్చింది.

"ఇలా ఇవ్వండి."

"నీకేం తెలుసు?"

"ఇన్నేళ్ళుగా మీరు చెప్పేది వింటున్నాగా. ఆ గోడక్కూడా ఈ పని వచ్చేసుంటుంది."

ఊపిరి బిగబట్టి ఆమె పెట్టిన చుక్క గుంటలో కుదురుగా కూర్చుంది. ఒక్కో పొర ఆరేదాకా ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

మర్నాడు పాపతో వచ్చిన కూతురు వంగి చూసింది, వేలితో తడిమి చూసింది.

"అబ్బ, నాన్నా! నేనే తొందరపడ్డాను, ఏమనుకోకు. రేపట్నుంచి పాపని మామూలుగానే తీసుకెళ్ళు."

తల్లి లోపలికెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆయన సంతోషపడ్డాడు, నిజంగానే. ఈలోగా మనవరాలు కారు వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"తాతా, ఇప్పుడే ఓ రౌండు వెళ్దామా?"

ఆయన జేబులోంచి తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఆ చుక్క మీ అమ్మ పెట్టిందమ్మా. పాపని నువ్వే దింపు."